హామర్‌ఫెస్ట్‌కి ఒక్క పేరా

సొంత పడవ, చేతినిండా డబ్బు, ముప్పై ఏళ్ళ వయసు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని ఒక వేసవి. 1856లో లార్డ్ డఫరిన్ ‘ఫోమ్’ అనే తన తెరచాప పడవలో ఉత్తర సముద్రాల వైపు బయల్దేరినప్పుడు అతని సరంజామా ఇది. స్కాట్లండ్ నుంచి ఐస్‌లాండ్, అక్కణ్ణుంచి యాన్ మాయెన్ అనే అగ్నిపర్వత ద్వీపం, తర్వాత నార్వే కొసన ఉన్న హామర్‌ఫెస్ట్ అనే చేపలరేవు, ఆ పైన మంచుతో నిండిన స్పిట్స్‌బర్గెన్. ఈ ప్రయాణం గురించి వాళ్ళమ్మకి ఉత్తరాలు రాశాడు. మరుసటి ఏడాది అవి ‘లెటర్స్ ఫ్రమ్ హై లాటిట్యూడ్స్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. తెలుగులో అయితే ‘ఉత్తరాది ఉత్తరాలు’ అని హాయిగా పేరు పెట్టేయొచ్చు.

డఫరిన్ అనే పేరు ఎక్కడో విన్నట్టుందా? స్కూల్లో బట్టీపట్టిన వైస్రాయిల జాబితాలో ఉన్నాయనే. 1884 నుంచి 1888 దాకా మన దేశాన్ని ఏలాడు. కాంగ్రెస్ పుట్టింది ఆయన హయాంలోనే. దిగిపోయే ముందు ఒక విందులో కాంగ్రెస్ వాళ్ళని భూతద్దంలో గానీ కనబడని మైనారిటీ అని వెక్కిరించిందీ ఆయనే. పాత ఊళ్ళలో ఇంకా కనబడే లేడీ డఫరిన్ ఆసుపత్రులు ఆయన భార్య పేరు మీదవి. ఆ పాఠాలన్నీ పక్కనపెట్టి ఈ పుస్తకం తెరిస్తే ముందుగా కలిగేది ఆశ్చర్యం. ఇంత సరదా మనిషా?

నిజంగానే సరదా మనిషి. స్టోర్నోవేలో పడవెక్కిన ఒక కోడిపుంజు కథ ఉంది ఇందులో. ఉత్తరానికి పోయే కొద్దీ రాత్రి కురచబారి, చివరికి రాత్రే లేకుండా పోతుంది. తెల్లారిందో లేదో తెలియక ఆ పుంజుకి మతిపోతుంది. పొరపాటున తెల్లవారుజాము దాటిపోతుందేమోనన్న బెంగతో కునుకు కూడా తియ్యదు. ఆఖరికి సముద్రంలోకి దూకేస్తుంది. ఐస్‌లాండ్ గవర్నరు కౌంట్ ట్రాంప్ ఇచ్చిన విందులో మన కథానాయకుడికి ఉపన్యాసం చెప్పాల్సొస్తుంది. ఐస్‌లాండిక్ రాదు, కాబట్టి లాటిన్‌లో లంకించుకుంటాడు. ఇంగ్లీషు విందుల్లో అరిగిపోయిన మాటలనే తప్పుల లాటిన్‌లోకి దింపి కొట్టిన ఆ ఉపన్యాసం ఇవాళ చదివినా నవ్వొస్తుంది. వీళ్ళందరినీ మించినవాడు విల్సన్, అతని నౌకరు. ఏ పనికైనా అశుభంతోనే మొదలుపెట్టే మనిషి. పొద్దున్నే యజమాని కళ్ళు తెరిచి, నేల కనబడిందా అని ఆశగా అడిగితే, చుట్టూ మంచు తప్ప ఏమీ లేదన్న కబురుని ఎంతో తృప్తిగా అందిస్తాడు. గురజాడ చేతికి దొరికితే విల్సన్ ఇంకో నాలుగు అంకాలు నడిపేవాడు.

ఇంతవరకూ పేచీ లేదు. అసలు పేచీ హామర్‌ఫెస్ట్ దగ్గర మొదలవుతుంది.

యాన్ మాయెన్ మంచులోంచి బతికి బయటపడి వచ్చిన పడవ చివరికి ఒక ఊరు చేరింది. అప్పటికి యూరప్‌లోకెల్లా ఉత్తరాన ఉన్న పట్నం అది. డఫరిన్ దానికిచ్చింది ఇంచుమించు ఒక్క పేరా. ఈ ఊరి గురించి కాగితం ఖర్చుపెట్టడం దండగ అన్న ధోరణిలో మొదలుపెడతాడు. యూరప్‌లో చిట్టచివరి పట్నం అన్నది తప్ప చెప్పుకోదగ్గ విశేషం లేదంటాడు. కొండకి అతికించినట్టున్న చెక్క ఇళ్ళు, నీళ్ళల్లో గుంజల మీద నిలబెట్టినవి కొన్ని, ఊరు కొండ మీంచి జారి సగం సముద్రంలో పడిందేమో అనిపించేట్టు. ఇది మాత్రం చక్కటి చూపే. ఆ వెంటనే, జనాభా ఇంత, ఎగుమతులు ఫలానా, అవన్నీ కావాలంటే ముర్రే గారి గైడు పుస్తకంలో చూసుకోమని అమ్మకి చెప్పేస్తాడు. ఆఖర్న తమకి ప్రస్తుతం కావలసిన సంగతి చెబుతాడు: ఈ ఊళ్ళో పాలు, మీగడ, ఆకుకూర, నాసిరకం బంగాళాదుంపలు దొరుకుతాయి.

ఈ పేరాని మొదటిసారి చదివితే నవ్వొస్తుంది. ఆ పుస్తకం నవ్వు పద్ధతే అది. గైడు పుస్తకాల పొడిబారిన జాబితాలని వెక్కిరించడం, తనని తాను తిండిపోతుగా చూపించుకోవడం. ఎవరినీ నేరుగా కించపరచలేదు కూడా. కానీ రెండోసారి చదివినప్పుడు ఆ నవ్వులో ఇంకేదో దొరుకుతుంది. ఒక ఊరు మొత్తాన్ని ఈ మనిషి తన పడవ వంటగదిలో ఏం నిండుకుందో దాన్నిబట్టి చూశాడు. పాలు నిండుకున్నాయి, కాబట్టి ఊళ్ళో పాలు కనబడ్డాయి. చేపలు నిండుకోలేదు, కాబట్టి చేపలు పట్టేవాళ్ళు కనబడలేదు.

సొంత పడవ ప్రయాణంలో ఉన్న కిటుకంతా ఇక్కడే ఉందని నా అనుమానం. ఆ పడవ ఒక కదిలే ఇల్లు. పడుకునే మంచం, చదువుకునే పుస్తకం, తాగే ద్రాక్షసారా, చివరికి తిట్టుకోడానికో నౌకరు, అన్నీ వెంటే ఉంటాయి. రేవులో ఎవరి గుమ్మమూ తట్టక్కర్లేదు. రాత్రికి ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్న లేదు. నచ్చకపోతే లంగరెత్తి వెళ్ళిపోవచ్చు. ఈ స్వేచ్ఛ నిజమైనదే, ఈ పుస్తకంలోని హుషారంతా దాన్నుంచే వచ్చింది. అయితే ఏ గుమ్మమూ తట్టక్కర్లేనివాడికి గుమ్మాల వెనక ఏముందో తెలిసే దారి కూడా ఉండదు.

*

మరి ఆ ఊళ్ళో ఏముందట?

చాలానే ఉంది. హామర్‌ఫెస్ట్‌కి పట్నం హోదా వచ్చింది 1789లో. అక్కడ ధాన్యం పండదు. వేసవిలో పట్టిన చేప ఎండబెట్టడానికి పనికిరాదు, ఈగలు వాలి పురుగు పట్టేస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే తెల్లసముద్రం వైపునుంచి పొమోర్‌లు అనే రష్యన్ వర్తకులు రై పిండి వేసుకుని పడవల్లో వచ్చేవాళ్ళు. పిండి ఇచ్చి, పాడైపోబోయే చేప తీసుకుని, ఉప్పేసి పట్టుకుపోయేవాళ్ళు. ఒకడి దగ్గర మురిగేది ఇంకొకడికి ఆహారం అయ్యే ఏర్పాటు. డఫరిన్ రేవులో దిగింది కూడా వేసవిలోనే. క్రిమియా యుద్ధంలో బ్రిటన్ రష్యాతో పోరాడి అప్పటికి కొన్ని నెలలే అయింది. రెండేళ్ళ ముందు ఇదే ‘ఫోమ్’లో బాల్టిక్‌కి వెళ్ళి ఆ యుద్ధాన్ని దగ్గర్నుంచి చూసొచ్చిన మనిషి డఫరిన్. ఆ పిండికీ చేపకీ మధ్య ఉన్న లెక్క అడిగి తెలుసుకోవడానికి అతనికన్నా తగినవాడు ఎవరు? అడగలేదు.

ఇంకోటి. ఊరి పక్కన ఫుగ్లెనెస్ అనే చోట, డఫరిన్ రావడానికి రెండేళ్ళ ముందే, 1854లో, ఒక రాతి స్తంభం నిలబెట్టారు. భూమి ఆకారాన్నీ పరిమాణాన్నీ కొలవడానికి స్ట్రూవ్ అనే ఖగోళ శాస్త్రవేత్త నడిపిన సర్వేకి అది ఉత్తరపు కొస. నల్లసముద్రం దాకా 2,820 కిలోమీటర్ల పొడవున, 1816 నుంచి 1855 దాకా, త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ కొలిచారు. మద్రాసు పరంగికొండ దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వేకి ఇది వరసకి తమ్ముడు. ఇవాళ ఆ స్తంభం యునెస్కో జాబితాలో ఉంది. ‘కాగితం దండగ’ ఊళ్ళో భూగోళాన్ని కొలిచిన తాడు కొస కట్టి ఉందన్నమాట.

అన్నిటికన్నా ముఖ్యమైనది, స్పిట్స్‌బర్గెన్ మంచులో వాల్రస్ వేటకి వెళ్ళే మనుషులకి ఈ ఊరే స్థావరం. డఫరిన్ సాహసంగా చెప్పుకోబోయే ప్రయాణం ఈ రేవులో కొందరికి ఏటేటా చేసే కూలిపని. ఆ సంగతిని ఆ ఒక్క పేరాలోకి రానిస్తే సాహసం కొంచెం చిన్నదైపోతుంది. తెలిసే వదిలేశాడా, తెలియక వదిలేశాడా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. యాత్రా కథనాల్లో హీరో వెళ్ళబోయే చోటుకి అప్పటికే రోజూ వెళ్ళొచ్చేవాళ్ళు కనబడకుండా పోవడం ఒక పాత అలవాటు. ఇక్కడ దాన్ని పట్టుకోవడం తేలిక, అంతే.

ఇదంతా 1856 నాటి సంగతి కదా, ఇప్పుడెందుకీ గొడవ అంటారా? 1890లో అగ్నిప్రమాదం ఆ ఊరిని చాలావరకు మింగేసింది. మళ్ళీ కట్టుకున్నారు. 1944లో వెనక్కి మళ్ళుతున్న జర్మన్ సైన్యం మళ్ళీ తగలబెట్టింది. శ్మశానం దగ్గరి చిన్న ప్రార్థనా మందిరం ఒక్కటే మిగిలింది. డఫరిన్ చూసిన, కొండ మీంచి జారుతున్నట్టున్న ఆ చెక్క ఇళ్ళు ఇక ఎవరూ చూడలేరు. వాటికి మిగిలే చోటు కాగితమే. ఆ కాగితాన్నే దండగ అన్నాడు.

*

ఇదే పాతికేళ్ళ తేడాలో మన భాషలోనూ ఒకాయన స్నేహితుడికి ప్రయాణపు ఉత్తరాలు రాశాడు. ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830లో బయల్దేరి కాశీ వెళ్ళొచ్చాడు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపినవే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఆయనా కలిగినవాడే. పల్లకీ, బోయీలు, పరివారం, అంతా కలిపి వందమంది దాకా. కాబట్టి డఫరిన్‌ని జమీందారుగానూ వీరాస్వామయ్యని సామాన్యుడిగానూ నిలబెట్టి మార్కులు వేసే పని నేను పెట్టుకోను. మోసేవాళ్ళ భుజాల మీద వెళ్ళినవాడు కూడా అన్నీ చూడలేదు.

అయినా వీరాస్వామయ్య మజిలీలు చదవండి. ఊరు ఎంతది, అంగళ్ళున్నాయా లేవా, నీళ్ళు ఎలాంటివి, దిగడానికి చోటుందా. ఊరు తర్వాత ఊరు, ఓపిగ్గా, ఒక్కోసారి విసుగొచ్చేంత ఓపిగ్గా. ఎందుకంత ఓపిక? మంచి గుణం వల్లనే అనుకోనక్కర్లేదు. వందమందికి ఆ రాత్రి వంట కావాలి. పల్లకీకి గోదాము లేదు. సాయంత్రమయ్యేసరికి ఊరి దయ మీద, ఊరి అంగడి మీద, ఊరి బావి మీద ఆధారపడక తప్పదు. ఇద్దరూ ఊరిని తిండిగింజల లెక్కలోంచే చూశారు. తేడా ఏమిటంటే, డఫరిన్ గోదాములో ఒకటి రెండు డబ్బాలు ఖాళీ. వీరాస్వామయ్యకి ప్రతి సాయంత్రం మొత్తం గోదామే ఖాళీ. అందుకే ఒకరికి ఊళ్ళో పాలూ బంగాళాదుంపలూ కనబడ్డాయి, ఇంకొకరికి ఊరు కనబడింది.

ప్రయాణంలో అవసరం ఎంత పెద్దదైతే చూపు అంత వెడల్పవుతుందని దీన్నిబట్టి సూత్రం చెయ్యొచ్చా? పూర్తిగా చెయ్యలేం. ఎందుకంటే డఫరిన్‌కి చూడటం చేతకాదన్న మాట అబద్ధం. 1847లో, ఇరవై ఏళ్ళ ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా, ఒక స్నేహితుడితో కలిసి ఐర్లండ్‌లో కరువు తాండవిస్తున్న స్కిబరీన్‌కి పనిగట్టుకుని వెళ్ళి, చూసింది చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఐర్లండ్‌లో పెద్ద ఎస్టేటు ఉన్న కుటుంబం అతనిది, చూడకుండా ఉండటమే సుఖం. అయినా వెళ్ళాడు. ఆ కళ్ళు ఉన్నవాడే హామర్‌ఫెస్ట్‌లో పాలు చూసి వచ్చేశాడు. అంటే తేడా మనిషిలో కన్నా వాహనంలో ఉంది. స్కిబరీన్‌కి వెళ్ళింది ఆ ఊరి కోసం. హామర్‌ఫెస్ట్‌లో ఆగింది ఇంకో చోటికి పోతూ.

ఇంకో సమర్థింపు కూడా ఉంది: ఇవి అమ్మకి రాసిన ఉత్తరాలు, అమ్మని నవ్వించాలి కదా. నిజమే. ఆ అమ్మ కూడా తక్కువది కాదు. హెలెన్, నాటకకర్త షెరిడన్ మనవరాలు, స్వయంగా కవయిత్రి. 1863లో ఆవిడ కొడుకు పుస్తకం పేరుని తిరగేసి ‘లిస్పింగ్స్ ఫ్రమ్ లో లాటిట్యూడ్స్’ అని ఒక ఎకసెక్కపు పుస్తకం తెచ్చింది. విదేశాలు చూడబోయిన ఒక గొప్పింటి అమాయకురాలి డైరీ లాగా ఉంటుంది అది. యాత్రికులు తమ గురించి తాము రాసుకుంటూ పరాయి దేశం గురించి రాస్తున్నామనుకునే జబ్బుని ఆవిడ సరిగ్గా పట్టుకుంది. కొడుకుని ఎంత ప్రేమించిందో లోకానికి తెలుసు. అయినా అతని పుస్తకానికి మొదటి మంచి విమర్శకురాలు ఆవిడేనని నాకనిపిస్తుంది.

*

ఇంత చెప్పాక కూడా ఈ పుస్తకం చదవమనే చెబుతాను. ఎందుకంటే ఇందులోని గొప్ప పేజీలు ఆ స్వేచ్ఛ పోయిన చోట ఉన్నాయి.

రేక్యవిక్ దగ్గర ఫ్రెంచి యువరాజు నెపోలియన్ తన ఆవిరి ఓడ ‘రేన్ ఓర్తాన్స్’తో కలుస్తాడు. ‘ఫోమ్’ని తాడు కట్టి ఉత్తరానికి లాక్కెళతాడు. మంచు దట్టమయ్యాక, బొగ్గు చాలక, ఓడ వెనక్కి తిరుగుతుంది. డఫరిన్ తాడు విప్పించుకుని ఒంటరిగా ముందుకే పోతాడు. ఆ తర్వాత పొగమంచు. ఎక్కడున్నామో తెలియదు. గాలి తన మాట వినదు. ఇక్కడ వాక్యాల్లో వెక్కిరింత తగ్గిపోతుంది. వెతుకుతున్న ద్వీపం ఎదురుగా కనబడదు. మబ్బు చినిగిన చోట, ఎవరూ తలెత్తి చూడనంత ఎత్తులో, ఆకాశంలో వేలాడుతున్నట్టు బేరెన్‌బర్గ్ శిఖరం కనబడుతుంది. కింద నేల లేదు, పైన కొండ ఉంది. ఈ దృశ్యానికి గైడు పుస్తకం అక్కర్లేదు, చమత్కారమూ అక్కర్లేదు. రెండూ వాడడు.

ఒడ్డున దిగుతారు. ఎక్కువసేపు ఉండే వీల్లేదు, మంచు మూసుకొస్తోంది. పడవ ముక్కున అంతకుముందు ఉండే పాత చెక్కబొమ్మని, వచ్చి వెళ్ళిన గుర్తుగా, ఆ నిర్జన తీరాన నిలబెట్టి వెళ్ళిపోతారు. కొత్తగా ఇత్తడి బొమ్మ వచ్చాక పనిలేకుండా పోయిన బొమ్మ అది. దాన్ని అలా ఒంటరిగా వదిలేయడం నావికులకి ఏమాత్రం నచ్చదు. ఆ బాధని డఫరిన్ గమనిస్తాడు. ఇన్ని పేజీల్లో ఆ కళాసీలు మనకి పరికరాల్లా కాక మనుషుల్లా కనబడే ఒకటి రెండు చోట్లలో ఇదొకటి. యజమాని కూడా వాళ్ళతోపాటే మంచులో చిక్కుకునేలా ఉన్నాడు, అందుకే కనబడ్డారు.

నా లెక్కలో ఈ పుస్తకం తన గురించి తానే తీర్పు చెప్పుకుంది. పడవ యజమాని చెప్పుచేతల్లో ఉన్న రేవులో రచన పల్చబడింది. పడవ అతని చేతుల్లోంచి జారిపోయిన చోట రచన చిక్కబడింది.

*

ఈ కొలబద్ద మనకీ పనికొస్తుంది. ఇప్పుడు తెలుగువాళ్ళు ఉత్తరాలకి బాగానే వెళుతున్నారు. సియాటిల్ నుంచి అలాస్కా ఓడ, హైదరాబాదు నుంచి ఆకాశంలో వెలుగులు చూడటానికి ట్రోమ్సో. వచ్చాక రాస్తున్నారు, అది మంచిదే. కానీ చాలా యాత్రా వ్యాసాల్లో ఒక హామర్‌ఫెస్ట్ పేరా ఉంటుంది. ‘చిన్న చేపల ఊరు, చాలా ప్రశాంతంగా ఉంది, చూడటానికి ఏమీ లేదు, కాఫీ మాత్రం బాగుంది.’ మిగతావి కావాలంటే గూగుల్ ఉంది. ముర్రే గారి గైడు పుస్తకం పేరు మారింది, అంతే. ప్రశాంతంగా ఎందుకుందో అడిగితే, మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఆ పూట వేటలోనో, చేపలు కోసే షెడ్డులోనో ఉన్నారని తెలిసేదేమో.

ఇంకో సంగతి చెప్పి ఆపేస్తాను. డఫరిన్ వైస్రాయిగా ఉండగానే, 1886 జనవరి 1న, ఎగువ బర్మా బ్రిటిష్ సామ్రాజ్యంలో కలిసింది. ఆయన బిరుదులో అక్కడి పాత రాజధాని ‘ఆవా’ పేరు కూడా చేరింది. దిగువ బర్మాకి మనవాళ్ళు అంతకుముందే వెళుతున్నారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి ఆవిరి ఓడల డెక్కు మీద, ఎండకీ వానకీ, వేలకి వేలు రంగూన్ వెళ్ళారు. రేవుల్లో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. 1930లో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో చచ్చిపోయినవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. వాళ్ళూ సముద్రం దాటినవాళ్ళే. ఇళ్ళకి ఉత్తరాలు రాయించుకునే ఉంటారు. అవి పుస్తకంగా రాలేదు. వాళ్ళ ప్రయాణాన్ని ఎవరైనా ఏ మొదటి తరగతి డెక్కు మీంచో చూసి రాసి ఉంటే, అందులో వాళ్ళకి దక్కింది ఎన్ని వాక్యాలో ఊహించుకోవచ్చు.

అందుకే హామర్‌ఫెస్ట్ పేరా నాకు చిన్న విషయంలా అనిపించదు. ‘లెటర్స్ ఫ్రమ్ హై లాటిట్యూడ్స్’ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. కోడిపుంజు దగ్గర నవ్వండి, బేరెన్‌బర్గ్ దగ్గర తలెత్తి చూడండి. పాలూ బంగాళాదుంపల దగ్గరికి వచ్చాక మాత్రం పడవ దిగి, ఒక్క పూట ఆ రేవులో ఉండిపోండి. పిండి బస్తాలతో వచ్చిన రష్యన్ పడవలు అక్కడే కట్టి ఉంటాయి.